లెక్కల తరగతిలో మాటల చిక్కు

గణితానికి భాషతో పనిలేదని మనలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉన్నది. అంకెలు ఏ దేశంలోనైనా అంకెలే, కూడిక ఎక్కడ చేసినా కూడికే. కథలకూ పద్యాలకూ భాష కావలెను గాని లెక్కలకు మాటలెందుకు అని అనుకొంటాము. కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తున్న నేను కూడ చాలకాలం ఇట్లాగే అనుకొన్నాను. ఈ నమ్మకం ఎంత పొరపాటో నాకు తెలియజెప్పినది ఏ గ్రంథమూ కాదు. ఐదవ తరగతి చదువుతున్న మా అన్నగారి అమ్మాయి.

ఒక సెలవునాడు ఆ పిల్ల తన పరీక్ష కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "12, 18 ల క.సా.గు. కనుగొనుము" అన్న ప్రశ్నకు 6 అని వ్రాసినది. తరువాతి ప్రశ్నలో వాటి గ.సా.భా. అడిగితే 36 అని వ్రాసినది. రెండింటికీ ఎర్రసిరాతో అడ్డగీతలు పడినవి. పక్కన "శ్రద్ధ లేదు" అని ఒక మాట కూడ ఉన్నది. లెక్క చూస్తే ఎక్కడా తప్పులేదు. భాగహారాలన్నీ సరిగానే చేసినది. కాని ఒక జవాబు ఉండవలసిన చోట రెండవది ఉన్నది.

"ఎందుకిట్లా తారుమారు చేశావమ్మా?" అని అడిగాను.

"తారుమారు కాదు బాబాయ్. కనిష్ఠం అంటే చిన్నది కదా! టీవీలో కనిష్ఠ ఉష్ణోగ్రత అంటారు చూడు. 6 చిన్నది, 36 పెద్దది. అందుకే కనిష్ఠానికి 6 వ్రాశాను, గరిష్ఠానికి 36 వ్రాశాను" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లకు శ్రద్ధ లేకపోవడం కాదు. ఉన్న శ్రద్ధ అంతా ఆ మాట అర్థం మీద పెట్టినందువల్లనే మార్కులు పోయినవి. అర్థం ఆలోచించక "కసాగు" అన్న మూడక్షరాలను మంత్రంవలె బట్టీ పట్టిన పిల్లలకు మార్కులు వచ్చినవి. ఇది న్యాయమేనా అన్న ప్రశ్నతో ఈ విమర్శ మొదలుపెడుతున్నాను. ప్రాథమిక తరగతులలో మనం వాడే గణిత పరిభాష పిల్లవానికి దారి చూపుతున్నదా, దారికి అడ్డం పడుతున్నదా అన్నది పరిశీలించడం దీని ఉద్దేశం.

ఒకే మాట, రెండు అర్థాలు

క.సా.గు. అంటే కనిష్ఠ సామాన్య గుణిజం. ఈ మూడు మాటలలో పిల్లలను పక్కదారి పట్టించేది "కనిష్ఠ" కాదు, "సామాన్య" అన్నది. సామాన్యుడు అంటే గొప్పతనం లేనివాడని పిల్లవాడు విన్నాడు. సామాన్య విషయం అంటే పెద్ద విశేషం కానిదని విన్నాడు. గణితంలోనైతే ఈ మాటకు అర్థం "ఇద్దరికీ చెందినది" అని. ఇంగ్లీషులో ఇక్కడ వాడే మాటకు కూడ ఇట్లాగే రెండర్థాలున్నవి. అక్కడి పిల్లల చిక్కును మనం సంస్కృతంలోకి మార్చుకొని మన పిల్లల నెత్తిన పెట్టినట్లయినది. దీనికి తెలుగులో ఏ సందేహానికీ తావులేని మాట ఒకటి ఉన్నది: ఉమ్మడి. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి బావి, ఉమ్మడి గట్టు అన్నవి పల్లెలో ఏ పిల్లవానికైనా తెలుసు.

12 గుణిజాలు 12, 24, 36, 48, 60, 72 ఇత్యాదులు. 18 గుణిజాలు 18, 36, 54, 72 ఇత్యాదులు. రెండు వరుసలలోనూ ఉన్నవి, అనగా ఉమ్మడి గుణిజాలు, 36, 72, 108 మొదలైనవి. వీటికి అంతులేదు కనుక అన్నింటికంటె పెద్దది ఉండదు. చిన్నది మాత్రం ఉన్నది, అది 36. ఇక భాజకాల సంగతి: 12 ను నిశ్శేషంగా భాగించేవి 1, 2, 3, 4, 6, 12. 18 ని భాగించేవి 1, 2, 3, 6, 9, 18. ఉమ్మడివి 1, 2, 3, 6. వీటిలో చిన్నది ఎప్పుడూ 1 కనుక దానిని అడిగి ప్రయోజనం లేదు. పెద్దదే అడగదగినది, అది 6. "ఉమ్మడి గుణిజాలలో చిన్నది", "ఉమ్మడి భాజకాలలో పెద్దది" అని విప్పి చెప్పినప్పుడు, చిన్నది అన్నది పెద్ద సంఖ్య ఎందుకైనదో, పెద్దది అన్నది చిన్న సంఖ్య ఎందుకైనదో దానంతట అదే తెలుస్తుంది.

మా అమ్మాయికి నేను రెండు లెక్కలు చెప్పాను. ఊరిలో ఒక బస్సు 12 నిమిషాలకు ఒకసారి, మరొకటి 18 నిమిషాలకు ఒకసారి బయలుదేరుతవి. ఉదయం 6 గంటలకు రెండూ కలిసి బయలుదేరినవి. మళ్ళీ ఎప్పుడు కలిసి బయలుదేరుతవి? ఇది ఒకటి. 12 మూరల తాడు ఒకటి, 18 మూరల తాడు ఒకటి ఉన్నవి. రెండింటినీ ఏమీ మిగలకుండ ఒకే పొడవు ముక్కలుగా కోయవలెను. ముక్క ఎంత పొడవు వరకు ఉండవచ్చును? ఇది రెండవది. ఆ పిల్ల కాగితం పెన్సిలు లేకుండ 6 గంటల 36 నిమిషాలని ఒకదానికి, ఆరు మూరలని రెండవదానికి చెప్పినది. లెక్క వచ్చును, లెక్క పేరే రాలేదు.

ఇట్లాంటి మాటలు ఇంకా ఎన్నో ఉన్నవి. తెలుగు పాఠంలో వ్యాసం అంటే పుట నిండా వ్రాయవలసినది. లెక్కల పాఠంలో వ్యాసం అంటే వృత్తానికి అడ్డంగా, కేంద్రం మీదుగా పోయే గీత. సంస్కృతంలో ఈ మాటకు విస్తరించడం అన్న అర్థం ఉండడంచేత రెండూ పొసగినవి గాని, ఆ సంగతి పిల్లవానికి ఎవరు చెబుతారు? హారం అంటే ఇంట్లో మెడలో వేసుకొనేది. బడిలో భిన్నం అడుగున ఉండేది. భుజం అంటే తెలుగు పిల్లవాడు తన భుజాన్ని తట్టి చూపుతాడు. త్రిభుజానికి మూడు భుజాలెక్కడివని వానికి ఆశ్చర్యం. వర్గం అంటే జనుల గుంపు. లెక్కలలో సంఖ్యను దానితోనే గుణించగా వచ్చినది. కారణాంకంలో కారణమేమిటో వెదికినా దొరకదు. సరి అన్నది తప్పు కానిది. సరిసంఖ్య అంటే తప్పులేని సంఖ్య అనుకొన్న పిల్లవానిని నేను స్వయంగా చూశాను.

ఈ చివరి ఉదాహరణలోనే మందు కూడ ఉన్నది. గుప్పిట్లో చింతపిక్కలు దాచి "సరా, బేసా?" అని అడిగే ఆట మన పల్లెలలో చాల పాతది. గుప్పిటి విప్పి, పిక్కలను రెండేసి చొప్పున తీసి, చివర ఒంటిపిక్క మిగిలితే బేసి అంటారు. సరిసంఖ్యకు ఇంతకంటె మంచి నిర్వచనం ఏ గ్రంథంలోనూ లేదు. ఆ ఆటను తరగతిలోకి తెచ్చినవానికి "రెండుచే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య" అన్న వాక్యాన్ని వల్లె వేయించవలసిన పని ఉండదు. అది తరువాత మెల్లగా వచ్చి చేరుతుంది.

మన నోటనున్న గణితం

బడికి రాకముందే తెలుగు పిల్లవాని నోట ఎంత గణితం ఉన్నదో మనం సాధారణంగా గమనించము. మన సంఖ్యావాచకాలనే చూడుడు. పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు అన్న మాటలలో పది ముందుగా వినబడి, దానిపై ఉన్నది తరువాత వినబడుతుంది. ఇరవైమూడు అన్నప్పుడు కూడ ముందు పదులు, తరువాత ఒకట్లు. వ్రాసే వరుసా అదే. ఇంగ్లీషులో పదమూడు మొదలు పందొమ్మిది వరకు ఒకట్లే ముందు వినబడుతవి. హిందీలోనైతే నూరు వరకు చాల సంఖ్యల పేర్లను విడివిడిగా గుర్తుపెట్టుకొనవలసినదే. స్థానవిలువ బోధించే ఉపాధ్యాయునికి తెలుగు చేసిన ఈ ఉపకారం తక్కువది కాదు.

భిన్నాల విషయం ఇంతకంటె ముఖ్యం. 3/4 ను మన పెద్దలు "నాలుగింట మూడు" అంటారు. నాలుగు భాగాలు చేసి, అందులో మూడు తీసుకొన్నాము అన్న కథ అంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది. ఇప్పుడు తరగతిలో వినబడేది "మూడు బై నాలుగు" అన్నది. దీనిలో కథ లేదు. పైన ఒక అంకె, కింద ఒక అంకె, నడుమ గీత ఉన్నవన్న సమాచారం మాత్రం ఉన్నది. "ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడితే ఎంత?" అన్నప్పుడు పిల్లవాడు పైవి పైవీ, కిందివి కిందివీ కూడి "రెండు బై అయిదు" అంటే తప్పు వానిది మాత్రమే కాదు. "అరకు మూడింట ఒకటి కలిపితే అర కంటె తగ్గుతుందా?" అని అడిగి చూడుడు. వాడు నవ్వుతాడు. అయిదింట రెండు అర కంటె తక్కువని వానికి తెలుసు. "బై" అన్న మాట ఆ తెలివిని వానికి అందకుండ చేసినది.

పావు, అర, ముప్పావు. ఒకటింబావు, రెండున్నర, మూడు ముప్పావు: మిశ్రమ భిన్నాలన్న పేరు వినకముందే పిల్లవాడు వీటిని అంగడిలో వాడుతున్నాడు. ఒకప్పుడు ఈ వరుస ఇంకా కిందికి పోయేది. పావులో పావు వీసం, అనగా పదహారవ వంతు. వీసంలో పావు కాని, అనగా అరవైనాలుగవ వంతు. రూపాయికి పదహారణాలు కనుక అణా వీసమయినది. అణాలో నాలుగవవంతు నాణెం కాని అయినది. నాలుగింటి లెక్కన సాగే ఈ భిన్నాలను వ్రాయడానికి మన కరణాలు ప్రత్యేకమైన గుర్తులు వాడేవారు. ఆ గుర్తులను 2008లో యూనికోడు లిపి పట్టికలో తెలుగు అక్షరాలతోబాటు చేర్చినారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన తరువాతా, ఆ వెనుక మీటరు, కిలోగ్రాములు వచ్చిన తరువాతా వీసం, కాని మరుగున పడినవి. సోల, తవ్వ, మానిక కూడ అదే దారి పట్టినవి. మార్పు మంచిదే, లెక్క తేలికైనది. కాని పోయిన మాటల స్థానంలో పిల్లవాని నోటికి మరికొన్ని సజీవమైన మాటలు ఇవ్వవలసిన బాధ్యతను మనం మరచినాము.

ఇక గుణకారం. "రెండేసి", "మూడేసి", "తలా నాలుగు", "అయిదు చొప్పున" అన్న ప్రయోగాలు తెలుగులో పుట్టుకతో ఉన్నవి. "ఆరుగురికి మూడేసి అరటిపండ్లు" అన్నప్పుడు "ఏసి" అన్న చిన్న ప్రత్యయమే గుణకారం చేయమని చెబుతున్నది. ఎక్కాలలోని "రెండు మూళ్ళు ఆరు" అన్న పలుకు కూడ అర్థవంతమైనదే: మూడు అన్నవి రెండు ఉంటే ఆరు. ఈనాడు అనేక బడులలో పిల్లలు "టూ త్రీజా సిక్స్" అని రాగం తీస్తున్నారు. ఆ "జా" ఏమిటని అడిగితే చెప్పగలవారు అరుదు. "రెండు మూళ్ళు" అన్నవానికి ఎక్కం మరచిపోయినా మూడును రెండుసార్లు కూడి తిరిగి తెచ్చుకొనే ఉపాయం ఉన్నది. "జా" అన్నవానికి మరచినది మరచినట్లే.

భాగహారంలో రెండు పనులు ఒకే పేరుతో నడుస్తున్నవి. 24 జామకాయలు ఆరుగురికి పంచితే తలా ఎన్ని? ఇది పంపకం. 24 కాయలను ఆరేసి చొప్పున కుప్పలు పోస్తే ఎన్ని కుప్పలు? ఇది కుప్పపోత. రెండింటికీ జవాబు నాలుగే, వ్రాత కూడ ఒకటే. కాని మొదటి నాలుగు కాయలు, రెండవ నాలుగు కుప్పలు. ఈ తేడా మాటలలో చెప్పి ఉంచకపోతే తరువాత 3 ను 1/2 చే భాగించవలసి వచ్చినప్పుడు చిక్కు వస్తుంది. మూడు రొట్టెలను అరమనిషికి పంచడం ఎట్లా? అర్థం లేదు. మూడు రొట్టెలలో అరముక్కలు ఎన్ని? ఆరు. రెండవ మాట తెలిసినవానికి సూత్రం చెప్పకముందే జవాబు వస్తుంది. "తిరగవేసి గుణించు" అన్న సూత్రం మాత్రమే తెలిసినవానికి జవాబు వచ్చిన తరువాత కూడ నమ్మకం కుదరదు.

గుర్తుమాటల మోసం

మాటలు చెప్పడం లేదని ఉపాధ్యాయులను నిందించడం సరికాదు. కొందరు మాటలను మిక్కిలి శ్రద్ధతోనే చెబుతున్నారు; కాని తప్పుదారిన చెబుతున్నారు. "ఎక్కువ అని ఉంటే కూడు, తక్కువ, మిగిలిన అని ఉంటే తీసివేయి, రెట్లు అని ఉంటే హెచ్చవేయి" అని ఒక పట్టిక వ్రాసి గోడకు అంటిస్తారు. పరీక్షకు ఇది చాల తేలిక మార్గంగా కనబడుతుంది.

ఈ లెక్క చూడుడు: "రాము వద్ద 8 గోళీలున్నవి. అవి గోపాలం వద్ద ఉన్నవాటికంటె 3 ఎక్కువ. గోపాలం వద్ద ఎన్ని ఉన్నవి?" పట్టిక నేర్చిన పిల్లవాడు "ఎక్కువ" అన్న మాట చూడగానే 8, 3 కూడి 11 అంటాడు. పట్టిక నేర్వని పిల్లవాడు, ఎవరి వద్ద ఎక్కువ, ఎవరి వద్ద తక్కువ అని ఆలోచించి 5 అంటాడు. చెప్పిన చదువే చెరుపు చేసినదన్నమాట. ఇది మన పిల్లల లోపం మాత్రమే కాదు. అమెరికాలో లూయిస్, మేయర్ అన్న ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1987లో ప్రచురించిన అధ్యయనంలో కళాశాల విద్యార్థులు సైతం, మాట ఒక వైపుకు లాగుతూ లెక్క మరొక వైపుకు పోయే చోట, ఎక్కువగా తప్పులు చేసినట్లు తేలినది. మాట ఒంటరిగా గుర్తు కాదు. వాక్యంలో దాని స్థానం చూడవలెనని దీని సారాంశం.

మాటకు నిలకడ లేని చోట్లు కూడ ఉన్నవి. "మూడు రెట్లు", "మూడు రెట్లు ఎక్కువ" ఒకటేనా? 10 కి మూడు రెట్లు 30. మూడు రెట్లు ఎక్కువ అంటే 30 అనేవారూ ఉన్నారు, 40 అనేవారూ ఉన్నారు. ప్రశ్నపత్రాలు కూర్చేవారు ఇట్లాంటి మాటను వాడకుండుటే మేలు.

ఇంగ్లండులో భాషాశాస్త్ర ఆచార్యుడు హాలిడే 1974లో నైరోబీలో యునెస్కో జరిపిన సభలో ఈ విషయం విపులంగా చర్చించినాడు. గణిత భాష అంటే కొత్త పదాల పట్టిక మాత్రమే కాదు, అర్థాలు చెప్పే తీరు, వాదాన్ని నడిపే తీరు కూడ అందులో భాగమని ఆయన చెప్పినాడు. అంతకు పూర్వమే, 1934లో వెలువడిన గ్రంథంలో రష్యా దేశపు మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ, పిల్లవాడు అనుభవంతో తెచ్చుకొన్న భావాలు కిందినుండి పైకి పెరుగుతవనీ, బడి నేర్పే శాస్త్రభావాలు పైనుండి కిందికి దిగుతవనీ, రెండూ నడుమ కలుసుకొనవలెననీ సూచించినాడు. మన తరగతులలో ఆ నడుమ కలిసే చోటే లోపించినది.

సంస్కృతమా, ఇంగ్లీషా?

ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్లా రెండు పక్షాలు ఎదురుపడుతవి. సంస్కృత పదాలే శాస్త్రానికి తగినవని ఒక పక్షం. ఎట్లాగూ పైచదువులు ఇంగ్లీషులోనే గనుక మొదటినుండీ ఆ మాటలే నేర్పితే మేలని రెండవ పక్షం. రెండింటిలోనూ కొంత సత్యం ఉన్నది.

సంస్కృత పదాల గొప్పతనం వాటి అల్లికలో ఉన్నది. త్రిభుజం, చతుర్భుజం, పంచభుజి. సమబాహు, సమద్విబాహు, విషమబాహు: ఒక తాళం తెలిస్తే పది తలుపులు తెరచుకొంటవి. భిన్నం అంటే పగిలినది. లవం అంటే కోసిన ముక్క, లవలేశంలోని లవమే ఇది. శేషం అంటే మిగిలినది. జ్యా అంటే వింటినారి, చాపం అంటే విల్లు. వృత్తంలో ఆ రెండింటినీ గీసి చూపితే నిజంగా ఒక ధనుస్సే కనబడుతుంది. ఈ తాళం పిల్లవాని చేతికి ఇవ్వకుండ తలుపులు మాత్రం చూపడమే మన తప్పు. భుజం అంటే ఇక్కడ పక్క అని ఒక్కసారి చెప్పితే సరిపోయేదానికి సంవత్సరాల తరబడి అయోమయం మిగులుతున్నది.

అన్నింటికీ సంస్కృతమే కావలెనన్న పట్టుదల కూడ తగదు. చుట్టుకొలత అన్న మాటను చూడుడు. చుట్టూ కొలిచినది చుట్టుకొలత. ఇంకేమీ చెప్పనవసరం లేదు. వడ్రంగి వాడే మూలమట్టం మన జామెట్రీ పెట్టెలోకి వచ్చి హాయిగా కూర్చున్నది. దాని పక్కనే ఉన్న కోణమానిని ఇప్పటికీ కొత్తగానే కనబడుతున్నది. కూడిక, తీసివేత ఉండగా రెండవ తరగతి పిల్లవానికి సంకలనం, వ్యవకలనం ఎందుకు? కొంత పెద్దయిన తరువాత ఆ పేర్లు తెలుసుకొంటే నష్టం లేదు. తెలుగులో గణితం వ్రాయడం నిన్న మొన్నటి పని కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. మాటకు మాటగా గాక ఉదాహరణలు మార్చి, అవసరమైన చోట కుదించి వ్రాసినాడు. వినేవారికి తెలియవలెనన్నదే ఆయన కొలమానమని దీనివల్ల ఊహించవచ్చును.

ఇంగ్లీషు పక్షం వారి మాటకు ఈనాడు బలం పెరిగినది. 1961లో కేంద్రంలో శాస్త్ర, సాంకేతిక పరిభాషా సంఘమూ, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన కాలంలో ప్రశ్న "ఏ తెలుగు మాట?" అన్నది. ఇప్పుడు ప్రశ్న "తెలుగు మాట ఎందుకు?" అన్నదాకా వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాతా, తెలంగాణలో 2022 తరువాతా తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటలలో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు వచ్చినవి. ఇది మెచ్చదగిన ఏర్పాటే. తెలియని చోట పక్కపుట చూసుకొనే అవకాశం ఉన్నది. కాని ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఒక పుటలో హారం, ఎదుటి పుటలో డినామినేటర్ ఉంటే, రెండూ తెలియని పిల్లవానికి ఒక అపరిచితుడు మరొక అపరిచితుని పరిచయం చేసినట్లే. ఆ ఇద్దరినీ కలిపేది మూడవ మాట: "ఎన్ని భాగాలు చేశామో చెప్పే అంకె". ఈ మూడవ మాట పుస్తకంలో ఉన్నా లేకున్నా ఉపాధ్యాయుని నోట ఉండవలెను. గోండి, కోయ, సవర ఇంటిభాషగా గల పిల్లలకు తెలుగే పరాయిది గనుక వారి విషయంలో ఈ మూడవ మాట వారి భాషలోనే ఉండవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానం, వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతిదాకా ఇంటిభాషలో బోధించవలెనని చెప్పడంలోని అంతరార్థం ఇదే.

చేయదగిన పని

విమర్శ చేసినవాడు ఉపాయం కూడ చెప్పవలెను. నేను చెప్పబోయేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, వరుస. ముందు వస్తువు, తరువాత ఇంటిమాట, ఆ తరువాత బడిమాట, చివర గుర్తు. రొట్టెను తుంచి, "నాలుగింట మూడు" అని పలికి, "దీనినే భిన్నం అంటారు" అని చెప్పి, అప్పుడు 3/4 అని నల్లబల్లపై వ్రాయవలెను. మనం సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేసి, గుర్తుతో మొదలుపెట్టి, వస్తువు దాకా పోకుండనే గంట కొట్టిస్తున్నాము.

రెండవది, పిల్లవానిచేత మాట్లాడించడం. లెక్కల తరగతిలో సాధారణంగా మాట్లాడేది ఉపాధ్యాయుడొక్కడే. "ఎట్లా చేశావో నీ పక్కవానికి చెప్పు" అన్న ఒక్క మాట చాలును. చెప్పేటప్పుడు తడబడితే "దానిని", "దీనిని" అనకుండ పేరు పెట్టి చెప్పమనవలెను. మాట అవసరమైనప్పుడు నేర్చినది నిలుస్తుంది. జాబితా నుండి నేర్చినది జారిపోతుంది.

మూడవది, మాటల పుస్తకం. ప్రతి పిల్లవాడు ఒక చిన్న నోటుపుస్తకంలో కొత్త మాట, దాని బొమ్మ, తన సొంత వాక్యం, అది కానిదానికి ఒక ఉదాహరణ వ్రాసుకొనవలెను. "వ్యాసార్ధం: కేంద్రం నుండి అంచుకు. బండిచక్రంలో ఆకు. అంచు నుండి అంచుకు గీసినది వ్యాసార్ధం కాదు" అని వ్రాసిన పిల్లవాడు ఆ మాటను మరువడు. నిర్వచనాన్ని పుస్తకంలోనుండి ఎత్తివ్రాయడం దీనికి బదులు కానేరదు.

నాలుగవది, లెక్కలు కట్టించడం. "12 ను 3 చే భాగించు" అని అడగడానికి బదులు, "12, 3 లతో పంపకం లెక్క ఒకటి, కుప్పల లెక్క ఒకటి కట్టుము" అని అడగవలెను. పిల్లవానికి అర్థమైనదో కానిదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

అయిదవది, దిద్దేవారికి. మాట తప్పా, లెక్క తప్పా అన్నది విడదీసి దిద్దవలెను. మా అమ్మాయి కాగితం మీద "శ్రద్ధ లేదు" అనడానికి బదులు "కనిష్ఠం అంటే ఏమనుకొన్నావు?" అని ఒక్క ప్రశ్న వ్రాసి ఉంటే అది పాఠమయ్యేది. అరవై మంది ఉన్న తరగతిలో ప్రతి కాగితానికీ ఇది సాధ్యమా అని ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చును. అడ్డగీత గీయడానికి పట్టే కాలంకంటె ఇది ఎక్కువే, నిజమే. కాని ఒకే తప్పు పదిమంది చేసి ఉంటారు. మరునాడు తరగతిలో ఒకసారి అడిగితే పదిమందికీ చాలును.

మూడు రూపాయల వడ్డీ

ఇదంతా చిన్నపిల్లల గొడవ అని అనుకొనేవారికి నా తరగతిలోని ఒక సంగతి చెప్పి ముగిస్తాను. డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి ఇంట్లో 50,000 రూపాయలు అప్పు చేయవలసి వచ్చినది. బ్యాంకులో 9 శాతం వడ్డీ అన్నారు. ఊళ్ళో ఒకాయన "మూడు రూపాయల వడ్డీ" అన్నాడు. మూడు తొమ్మిదికంటె తక్కువ కదా అని ఆ కుర్రవాడే తండ్రిని ఊళ్ళో అప్పు తెమ్మన్నాడు. ఊరి మాటలో మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి, నెలకు మూడు. ఏడాదికి నూటికి ముప్పై ఆరు. బ్యాంకు చెప్పినది ఏడాదికి నూటికి తొమ్మిది. ఏడాదికి 4,500 రూపాయలు కట్టవలసిన చోట ఆ కుటుంబం 18,000 రూపాయలు కట్టినది. ఆ విద్యార్థి పదవ తరగతిలో వడ్డీ లెక్కలన్నింటికీ పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడే. సూత్రం వానికి కంఠతా వచ్చును. శాతం అంటే నూటికి అనీ, "నూటికి" అన్న తరువాత "ఎన్నాళ్ళకు?" అని అడగవలెననీ మాత్రం ఎవరూ చెప్పలేదు. బడి మాట బడిలో ఉండిపోయినది, ఊరి మాట ఊరిలో ఉండిపోయినది. రెండింటి నడుమ ఆ కుటుంబం నష్టపోయినది.

ఆ కుర్రవానికి నేను కూడ మూడు సంవత్సరాలు పాఠం చెప్పినవాడనే. 40 శాతం అంటే ఏమిటని నా తరగతిలో ఎన్నడూ అడగలేదు. అందరికీ తెలిసినదే కదా అనుకొన్నాను. ఇప్పుడు ప్రతి సంవత్సరం మొదటి గంటలో అడుగుతున్నాను. "బై హండ్రెడ్" అన్న జవాబే ముందుగా వస్తున్నది. "నూటికి నలభై" అన్న జవాబు వచ్చేదాకా నేను పాఠం మొదలుపెట్టడం లేదు.